కొసరుకి కూడా బిల్లు

నెల్లూరు నుంచి అక్క ఫోన్ చేస్తే మామూలుగా తిన్నావా, ఎప్పుడొస్తున్నావ్ అనే రెండు ప్రశ్నలతోనే మొదలవుతుంది. ఆ రోజు అవేమీ లేవు. "రేయ్, నా అకౌంట్లో మూడు వేల నాలుగొందలు పోయాయిరా, ఎవడో హ్యాక్ చేశాడు, చూడు" అంది. స్క్రీన్‌షాట్లు పంపమన్నా. చూస్తే అన్నీ చిన్న చిన్న మొత్తాలు, అన్నీ రాత్రి తొమ్మిదికీ పదికీ మధ్య, అన్నీ ఒకే చోటికి. హ్యాకర్ ఎవరో తెలిసిపోయింది. వయసు పదకొండు, ఆరో తరగతి, నాకు స్వయానా మేనల్లుడు. అక్క యూపీఐ పిన్ ఏంటో తెలుసా? వాళ్ళ ఇంటి డోర్ నంబరు.

వాడికి ఫోన్ ఇవ్వమన్నా. కాసేపు ముక్కు ఎగబీల్చడం తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. వాడు ఆడే ఆట ఊరికే వస్తుంది (పేరు అనవసరం, మీ ఇంట్లో పిల్లలున్నా ఇదో ఇలాంటిదో ఉండే ఉంటుంది). అందులో మొదట ఇచ్చే బట్టలతోనే తిరిగేవాణ్ణి మిగతా పిల్లలు "బాట్" అంటారు, అంటే మనిషి కాదు, కంప్యూటర్ ఆడించే బొమ్మ అని. "అందరూ నన్ను బాట్ అంటున్నారు మామా" అన్నాడు. తిడదామని నోరు తెరిచినవాణ్ణి తెరిచినట్టే మూసేశా. ఎందుకంటే ఆ ముందు వారమే నేను ఓ పాత ఆటకి కొత్త ప్యాక్ కొన్నా, దాని సంగతి తర్వాత చెప్తా.

ఈ గొడవ జరిగినప్పట్నుంచీ ఒక మాట బుర్రలో తిరుగుతోంది. కొసరు. మా అమ్మ మార్కెట్లో కిలో వంకాయలు తూయించుకున్నాక సంచి ముడి వెయ్యదు, అలాగే తెరిచి పట్టుకుని నిలబడుతుంది. వాడు ఇంకో కాయ వేస్తాడు, పైన కాస్త కరివేపాకు వేస్తాడు. అదీ కొసరు. అసలు కొన్నవాళ్ళకి కొసరు ఊరికే వస్తుంది, అది అడిగి తీసుకోవడం కొనేవాళ్ళ హక్కు, గొణుక్కుంటూ ఇవ్వడం అమ్మేవాళ్ళ మర్యాద. చెన్నైలో నేను యాప్‌లో కూరగాయలు తెప్పించుకుంటాను, అందులో కరివేపాకుకి వేరే రేటు. ఆమధ్య ఒక యాప్ కొత్తిమీర ఊరికే ఇస్తోందని అది పెద్ద వార్తయింది. వీడియో గేముల్లో డీఎల్‌సీ అనేదాని కథ (ఆట కొన్నాక విడిగా డౌన్‌లోడ్ చేసుకునే అదనపు సరుకు) మొత్తం నాకు ఇలాగే కనపడుతుంది. కొసరుకి బిల్లు వెయ్యడం ఎప్పుడు మొదలైంది, ఎక్కడిదాకా పోయింది అనేదే.

ముందుగా నా పాపాలు ఒప్పుకోవాలి. 2006లో ఇంజినీరింగ్‌కని చెన్నై వచ్చినప్పుడు నేను ఆట అనేదాన్ని సక్రమంగా డబ్బులిచ్చి కొన్నదే లేదు. ఇచ్చింది కంపెనీకి కాదు, బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజారులో డీవీడీలు పరిచి కూర్చున్న అన్నకి. వందంటే అరవైకి బేరమాడి, కవర్ మీద ఒక ఆట బొమ్మ లోపల ఇంకో ఆట ఉంటే మళ్ళీ వెళ్ళి పోట్లాడి మార్చుకుని, హాస్టల్లో పదిమందిమి అదే డీవీడీ తిప్పుకునేవాళ్ళం. ఆ దొంగ డీవీడీల్లో అసలూ కొసరూ తేడా ఉండేది కాదు, అన్నీ కలిపి కుక్కేసి ఇచ్చేవాడు మహానుభావుడు. కాబట్టి కంపెనీలు నాలాంటి వాళ్ళ వల్ల కూడా దారులు వెతుక్కున్నాయి అంటే కాదనలేను. కానీ సరిగ్గా అదే ఏడాది అమెరికాలో జరిగిన విషయం మాకు ఎవ్వరికీ తెలీదు.

2006 ఏప్రిల్‌లో బెథెస్డా అనే కంపెనీ తన 'ఆబ్లివియన్' ఆటలో గుర్రానికి కవచం అమ్మకానికి పెట్టింది. ఆట వచ్చి అప్పటికి రెండు వారాలే అయింది. ధర రెండున్నర డాలర్లు. డబ్బులు పెట్టి కొన్న ఆటలో గుర్రానికి తొడుగు కోసం మళ్ళీ డబ్బులా అని జనం విరగబడి నవ్వారు, ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, గేముల గురించి మాట్లాడుకునే ఏ ఇద్దరి మధ్యైనా 'గుర్రం కవచం' అంటే ఇక వివరించక్కర్లేదు. నవ్వుతూనే కొన్నారు కూడా. కంపెనీ వాళ్ళకీ ఆ జోకు బాగానే ఎక్కింది, 2009 ఏప్రిల్ ఒకటిన మిగతా ప్యాక్‌లన్నీ సగం ధరకి ఇచ్చి గుర్రం కవచం ధర మాత్రం రెట్టింపు చేశారు. ఆ ఆటకి 2025లో కొత్త మెరుగులు దిద్ది వదిలినప్పుడు ఖరీదైన ఎడిషన్‌లో ఏం పెట్టారనుకుంటున్నారు? ఇంకో రకం గుర్రం కవచం.

దానికి ముందు అదనపు సరుకు అమ్మలేదా అంటే అమ్మారు. నెల్లూరులో ట్రంకు రోడ్డు పక్క సందులో నెట్ సెంటర్‌కి గంటకి పదిహేను రూపాయలిచ్చి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడినవాళ్ళకి 'కాంకరర్స్' గుర్తుండాలి. అది 2000లో వచ్చిన ఎక్స్‌పాన్షన్, అంటే పాత ఆటకి తగిలించుకునే పెద్ద అదనపు భాగం. హూణులు, అజ్టెక్‌లు, మాయన్లు, కొరియన్లు, స్పానిష్‌వాళ్ళు, మొత్తం ఐదు కొత్త జాతులు ఒకేసారి. 1998లో స్టార్‌క్రాఫ్ట్‌కి వచ్చిన 'బ్రూడ్ వార్' కూడా అంతే, దాదాపు ఇంకో ఆటంత ఉంటుంది. అప్పటివాళ్ళు మంచివాళ్ళు, ఇప్పటివాళ్ళు చెడ్డవాళ్ళు అని కాదు నేను అనేది. అప్పుడు డిస్కు ముద్రించాలి, అట్టపెట్టె చెయ్యాలి, లారీలో ఎక్కించాలి, షాపులో అరలో చోటు సంపాదించాలి. ఇంత ఖర్చుకి ఓర్చి ఒక్క చొక్కా ఎవడు అమ్ముతాడు? అమ్మితే గంపెడు అమ్మాల్సిందే. 2005 చివర్లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ గేమ్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 వచ్చి, దానికో హార్డ్ డిస్కూ, ఇంటికి బ్రాడ్‌బ్యాండూ, లోపల ఎప్పుడూ తెరిచి ఉండే కొట్టూ, ఆ కొట్టులో ముందే నమోదైన కార్డు నంబరూ, ఈ నాలుగూ కుదిరాక రవాణా ఖర్చు దాదాపు సున్నా అయిపోయింది. అప్పుడు చొక్కా ఏంటి, గుండీ కూడా అమ్మొచ్చు.

షాంపూ సాషే ఇలాంటిదే కదా అన్నాడు మా ఆఫీసులో ఒక కడలూరు కుర్రాడు. సాషే తమ ఊళ్ళోనే పుట్టిందని వాళ్ళకి గర్వం. ఉండొచ్చు, కానీ తేడా ఉంది బాబూ. సీసా కొనలేనివాడి కోసం సాషే వచ్చింది. ఇక్కడ సీసా మొత్తం కొన్నాక, మూత తీయగానే సాషేలు అమ్ముతున్నారు.

ఆ ఎక్స్‌బాక్స్ కొట్టులో ఇంకో చమత్కారం ఉండేది. డాలర్లలో ధర రాయరు, పాయింట్లలో రాస్తారు. 80 పాయింట్లంటే ఒక డాలరు, గుర్రం కవచం 200 పాయింట్లు. ఎనభయ్యో ఎక్కం ఎంతమందికి వచ్చు చెప్పండి. మైక్రోసాఫ్ట్ 2013లో ఆ పాయింట్లు ఎత్తేసింది గానీ ఆ తెలివి మాత్రం ఊరూరా పాకింది. ఫోర్ట్‌నైట్‌లో వీ-బక్స్, పబ్జీలో యూసీ, ఇంకోదాంట్లో వజ్రాలు, ఇంకోదాంట్లో బంగారం. ఒకసారి రూపాయి వజ్రంగా మారాక అది మన డబ్బులా అనిపించదు. పైగా నీకు కావలసినన్ని అమ్మరు, వాళ్ళు కట్టిన పొట్లాలే కొనాలి, వస్తువు ధరకీ పొట్లానికీ ఎప్పుడూ లెక్క కుదరదు, కొంచెం మిగులుతుంది. బస్సులో కండక్టరు చిల్లర లేదని టికెట్ వెనకాల రాసిచ్చే రోజులు గుర్తున్నాయా, మనం గూడూరులో దిగేసి మర్చిపోయేవాళ్ళం. ఆ కండక్టరు నిజంగానే చిల్లర లేక రాసేవాడు పాపం. వీళ్ళు మిగలాలనే మిగులుస్తారు.

ఉద్యోగం వచ్చాక నేను మనిషినయ్యా, అంటే ఒరిజినల్ కొనడం మొదలుపెట్టా. కొత్త డిస్కు అంటే అప్పటి జీతానికి భారమే, అందుకని సెకండ్‌హ్యాండ్ డిస్కులు. 2012లో ఇలాగే ఒకటి కొన్నా. ఇంటికొచ్చి కన్సోల్‌లో పెడితే ఆన్‌లైన్ ఆడాలంటే పెట్టెలో ఉన్న కోడ్ కొట్టమంది. కోడ్ ఉంది, కాకపోతే నాకంటే ముందు కొన్నవాడు వాడేశాడు. మళ్ళీ కావాలంటే పది డాలర్లట. డిస్కు నాది, ఆట సగమే నాది. ఇది చాలా కంపెనీలు చేసిన పనే, 2010లో ఈఏ అనే పెద్ద గేముల కంపెనీ దీనికి దారి చూపించింది, లోపల వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరే 'ప్రాజెక్ట్ టెన్ డాలర్'. సెకండ్‌హ్యాండ్ బేరంలో వాళ్ళకి పైసా రాదు కాబట్టి, రావాలి కాబట్టి. జనం తిట్టగా తిట్టగా 2013లో మానేశారు.

2012 అంటే ఇంకా గుర్తొస్తోంది, అసలు కొంప మునిగింది ఆ ఏడాదే అని నా లెక్క. మార్చిలో 'మాస్ ఎఫెక్ట్ 3' వచ్చింది. వచ్చిన రోజే ఒక డీఎల్‌సీ కూడా పది డాలర్లకి వచ్చింది, అందులో జావిక్ అనే ఒక కొత్త తోడు. ఆ కథంతా ప్రోథియన్లు అనే అంతరించిపోయిన జాతి చుట్టూ తిరుగుతుంది, ఈ జావిక్ ఆ జాతిలో బతికి బయటపడ్డ ఒకే ఒక్కడు. అలాంటివాణ్ణి తీసి పక్కన పెట్టి విడిగా అమ్మితే దాన్ని కొసరు అంటారా ఎవరైనా? అదే నెలలో క్యాప్‌కామ్ 'స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్' అమ్మింది. జనం డిస్కు విప్పి చూస్తే ఇంకో 12 మంది ఫైటర్లు అందులోనే తాళం వేసి కూర్చున్నారు. తర్వాత డబ్బులు కడితే తాళం తీస్తారట. నువ్వు ఇంటికి తెచ్చుకున్న క్యారేజీలో నాలుగో గిన్నెకి తాళం వేసి, తాళంచెవి మెస్సులో ఉంది, వచ్చి కొనుక్కో అన్నట్టు.

నా తగువు మొత్తం ఇక్కడే ఉంది. కొసరు అమ్ముకోండి, కొంటాను, కొంటూనే ఉన్నాను. కానీ అసల్లోంచి ముక్క కోసి దానికి కొసరు అని పేరు పెట్టకండి.

పద్ధతిగా చేసినవాళ్ళు లేకపోలేదు. 2015లో 'విచ్చర్ 3' వచ్చినప్పుడు చిన్నా చితకా డీఎల్‌సీలు 16 ఊరికే ఇచ్చారు, అందులో గుర్రం సామాను కూడా ఉంది, ఎవరిని ఉద్దేశించో వేరే చెప్పాలా. డబ్బులు తీసుకున్నవి రెండే రెండు, రెండూ పెద్దవి. రెండోది 'బ్లడ్ అండ్ వైన్', 2016. కొత్త దేశం, కొత్త కథ, ద్రాక్షతోటలు, నాకు పెళ్ళయిన కొత్తలో రాత్రుళ్ళు కూర్చుని మూడు వారాలు ఆడా (మా ఆవిడ ఇప్పటికీ ఎత్తి పొడుస్తుంది). ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆర్‌పీజీ (పాత్రలో మనమే జీవించే తరహా ఆట) బహుమతి ఆ ఎక్స్‌పాన్షన్‌కే వచ్చింది, పూర్తి ఆటల్ని పక్కకి తోసి.

మా మేనల్లుడి విషయానికి ముందు నేనేదో కొన్నానన్నా కదా. అది కూడా పాత ప్రేమే. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2ని 2019లో మళ్ళీ కొత్తగా తెచ్చారు, దానికి 2022లో 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' అని ప్యాక్ వచ్చింది. అంతకుముందు 'ఇండియన్స్' అని అందర్నీ ఒకే గాటన కట్టేసినవాళ్ళు ఇందులో విడదీశారు, హిందుస్తానీలు, బెంగాలీలు, గుర్జరులు, ద్రావిడులు. ద్రావిడులకి ఉరుమి (కొరడాలా వంగే కత్తి) తిప్పే సైనికులు, రాజేంద్ర చోళుడి దండయాత్ర ఒక క్యాంపెయిన్. చెన్నైలో కూర్చుని రాజేంద్ర చోళుణ్ణి ఆడకపోతే ఎలా అని ఇన్నేళ్ళ తర్వాత సేల్ పెట్టినప్పుడు కొనేశా. అందులో పల్లెజనం తమిళం మాట్లాడతారు, మా పక్కింటి అన్నకి వినిపిస్తే పొంగిపోయాడు. నేను మాత్రం కాకతీయులకి వేరే ప్యాక్ ఎప్పుడు వేస్తారా అని చూస్తున్నా. వేస్తే కొంటానా? మొదటిరోజే కొంటా. చూశారా, నా బుద్ధి.

జూదం సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తా, దాని మీద ఇప్పటికే చాలామంది రాశారు. ఏం వస్తుందో తెలియని పెట్టె కొనడం, అదే లూట్ బాక్స్. 2017లో 'బ్యాటిల్‌ఫ్రంట్ 2' అనే స్టార్ వార్స్ ఆటలో ఆ సినిమాల విలన్ డార్త్ వేడర్‌తో ఆడాలంటే గంటల కొద్దీ చాకిరీ చెయ్యాలి అన్నారు, ఎందుకలా అని రెడిట్‌లో అడిగితే కష్టపడి సాధించుకున్నామన్న గర్వం మీకు కలగాలని అని ఈఏ జవాబిచ్చింది, ఆ జవాబుకి ఆరు లక్షలకి పైగా డౌన్‌ఓట్లు పడి గిన్నిస్‌కి ఎక్కింది. ఆట విడుదలకి ఒక రోజు ముందు డబ్బుతో కొనే వీలే తీసేశారు. 2018లో బెల్జియం లూట్ బాక్సులు జూదమే అని తేల్చింది. మన దగ్గర 2025లో డబ్బు పందెం ఆటల మీద చట్టం వచ్చింది, మా వాడు కొన్న చొక్కా దాని కిందికి రాదు, అది పందెం కాదు, సూటిగా అమ్మకమే.

జూదం కన్నా నన్ను ఎక్కువ కుదిపింది ఇంకోటి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను గుర్తుందా, ఇక్కడ మమ్మల్ని ముంచి తీరిగ్గా బాపట్ల దగ్గర తీరం దాటింది. మేం ఉండే వేళచ్చేరిలో వీధిలో నడుముల్లోతు నీళ్ళు, కరెంటు లేదు, నెట్ లేదు, సిగ్నల్ కూడా లేదు. రెండో రోజు మధ్యాహ్నం లాప్‌టాప్‌లో రెండు గంటల చార్జింగ్ ఉందని గమనించి, ఒంటరిగా ఆడుకునే ఒక ఆట తెరిచా. ఆట తెరుచుకుంది. నా సేవ్ ఫైల్ నొక్కితే, ఇందులో వాడిన డీఎల్‌సీ నీ దగ్గర లేదు అంది. ఉందిరా బాబూ, నేనే కొన్నా, రసీదు మెయిల్‌లో ఉంది, ఆ మెయిల్ చూపించడానికే నెట్ లేదు. నెట్‌కి కలిసి ఒకసారి సరిచూసుకుంటే గానీ అది నన్ను నమ్మదట. రెండు గంటలు చూస్తుండగానే అయిపోయాయి, బ్యాటరీ అయిపోయేదాకా మా ఆవిడా నేనూ సాలిటేర్ ఆడాం.

కొన్నాం అనుకుంటాం గానీ మన చేతికి వచ్చింది అనుమతి మాత్రమే. 2020 నవంబరులో 'డెస్టినీ 2' వాళ్ళు పాత కథలు, గ్రహాలతో సహా ఆటలోంచి తీసేశారు, వాటిల్లో జనం డబ్బులిచ్చి కొన్న ఎక్స్‌పాన్షన్లూ ఉన్నాయి. యూబీసాఫ్ట్ 2024 మార్చి ఆఖర్లో 'ద క్రూ' సర్వర్లు ఆపేసింది, ఆటా పోయింది, దానికి కొన్న ప్యాక్‌లూ పోయాయి. ఆ కోపంలోంచే 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం పుట్టింది. బర్మా బజారు డీవీడీలు మా నెల్లూరు ఇంట్లో అటక మీద డబ్బాలో ఇప్పటికీ ఉన్నాయి, పోయినసారి ఒకటి పెట్టి చూస్తే గీతలు పడి ఉన్నా నడిచింది. దొంగసొమ్ము మిగిలింది, కొన్నది పోయింది. దీన్నేమనాలో మీరే చెప్పండి.

సరే, మేనల్లుడు. అక్క వాడి ఫోన్ లాక్కుంది, పిన్ మార్చింది (ఈసారి పెళ్ళిరోజు పెట్టింది, చెప్పి చెప్పి మళ్ళీ మార్పించా). వేసవి సెలవులకి పినాకినీలో ఎక్కించి నా దగ్గరకి పంపింది. పది రోజులున్నాడు. గుర్రం కవచం కథ చెప్తే పడీపడీ నవ్వి, "గుర్రానికా? గుర్రం బాట్ అయితే ఏం మామా?" అన్నాడు. వాడి లెక్కలో అది పిచ్చితనం, మనిషికి కొనడం న్యాయం. వెళ్ళే ముందురోజు వాడి పుట్టినరోజు. ఏం కావాలిరా, సైకిల్ కొందామా, బ్యాట్ కొందామా అంటే తలవంచుకుని ఆటలో ఒక డ్రెస్సు పేరు చెప్పాడు. అక్కకి చెప్పకూడదని ఒట్టు వేయించుకుని, నా ఫోన్‌లో, నా పిన్‌తో, నేనే కొనిచ్చా. ఇంత రాసినవాణ్ణి ఆ పని చేశా.

డ్రెస్సు వేసుకుని ఆ బొమ్మ తెర మీద గిర్రున తిరుగుతుంటే వాడి మొహం చూడాలి. అటు తిప్పి, ఇటు తిప్పి, దగ్గరగా లాగి చూసుకున్నాడు. తర్వాత పైన మూలన ఉన్న అంకె కేసి చూశాడు.

"మామా, ఇరవై మూడు మిగిలాయి. వీటికి ఏమీ రాదు. ఇంకో ముప్పై ఏడు ఉంటే టోపీ వస్తుంది."